పాము చచ్చాక తెలిసిన పేరు (ఫోన్ యాప్‌లతో పాముల్ని, పిట్టల్ని గుర్తుపట్టడం గురించి)

వేపచెట్టు కింద | శనివారం రాత్రి 10:12

ఇక్కడ నేను చదవడమే ఎక్కువ, రాయడం తక్కువ. ఈరోజు మాత్రం ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నిద్ర పట్టేలా లేదు. మాది బాపట్ల దగ్గర పల్లె. ఉద్యోగం హైదరాబాద్, సెలవులకి ఊరొచ్చాను. మొన్న రాత్రి అమ్మ వంటింట్లో లైటేస్తే గ్యాసు బండ వెనక గోడ మీదికి పాకుతూ సన్నటి పాము. మూరెడు ఉంటుందేమో. గోధుమరంగు ఒళ్ళు, అడ్డంగా తెల్లటి పట్టీలు. నాన్న కర్రకోసం పరిగెత్తారు. నేనే పెద్ద తెలివిగా "ఆగు నాన్నా, ఏ పామో చూద్దాం" అని ఫోన్ తీసి రెండు ఫొటోలు కొట్టి, ఎప్పుడో దింపుకున్న ఒక ఉచిత యాప్‌లో పెట్టాను. పాముల్ని గుర్తుపడుతుందట. రెండు సెకన్లలో "కట్లపాము, 94 శాతం, ప్రాణాంతకం" అని ఎర్రక్షరాలతో చూపించింది. అది చదివి వినిపించింది కూడా నేనే. తర్వాత ఏం జరిగిందో చెప్పనక్కర్లేదు, నాన్న దెబ్బకి తిరుగుండదు.

పొద్దున్న అవే ఫొటోలు పాముల గురించి తెలిసిన ఒక మిత్రుడికి పంపితే "ఇది వుల్ఫ్ స్నేక్ రా, విషం లేదు, బల్లుల్ని తినడానికొచ్చింది" అన్నాడు. అప్పట్నుంచీ మనసు మనసులో లేదు. యాప్ లేకపోయినా నాన్న కొట్టేవారేమో, నిజమే. కానీ ఆగమన్నది నేను, ఆగినాయన్ని మళ్ళీ కొట్టించింది కూడా నేనే. అసలు ఈ యాప్‌లని ఏ మేరకు నమ్మాలి? మీరెవరైనా వాడుతున్నారా?

పెంకుటిల్లు | శనివారం రాత్రి 10:31

బ్రదర్, మీ నాన్నగారు చేసింది తప్పని నేననను. వంటింట్లో పాము, ఇంట్లో ఆడవాళ్ళు, పిల్లలు. ఆ టైములో పొలుసులు లెక్కపెడుతూ కూర్చుంటామా? మా పెద్దనాన్న పొలంలో పాము కరిచే పోయాడు. ఏసీ గదుల్లో కూర్చుని జీవకారుణ్యం చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు, పట్టించుకోకండి.

జెర్రిపోతు | శనివారం రాత్రి 11:05

పెంకుటిల్లు గారు, భయం సహజమే, దానిమీద వాదన లేదు. కానీ ప్రశ్న యాప్ గురించి కాబట్టి అది చెప్తాను.

వుల్ఫ్ స్నేక్‌నీ కట్లపామునీ కలిపేసుకోవడం మన ఊళ్ళలో ఎప్పట్నుంచో ఉంది. మా వైపు రెండింటినీ కట్లపామనే అంటారు. రెండూ రాత్రిపూట తిరుగుతాయి, రెండూ ఇళ్ళలోకొస్తాయి, రెండింటికీ పట్టీలుంటాయి. మనుషులే పొరబడేచోట యాప్ పొరబడటంలో వింత లేదు. తేడా ఎక్కడ చూడాలంటే, వుల్ఫ్ స్నేక్‌కి పట్టీలు మెడ దగ్గరే స్పష్టంగా మొదలై తోకవైపు పోయేకొద్దీ మసకబారతాయి. కట్లపాముకి తిరగేసి ఉంటుంది. ముందుభాగంలో పట్టీలు ఉండవు, ఉన్నా చుక్కల్లా ఉంటాయి, తోకదాకా పోయేకొద్దీ తేటపడతాయి, చాలాసార్లు రెండేసి జంటగా ఉంటాయి. ఒంటిరంగు కూడా నిగనిగలాడే నలుపు, కొన్నిట్లో నీలం ఛాయ. వెన్నుమీద నడిమి వరస పొలుసులు మిగతావాటికంటే పెద్దవి, ఆరు పలకలుగా ఉంటాయి. పైగా మీరు గోడ మీదికి పాకుతోందన్నారు. బల్లికోసం నిట్టనిలువు గోడెక్కడం వుల్ఫ్ స్నేక్ పని. అయితే గోడెక్కింది కాబట్టి విషం లేదని మాత్రం ఎవరూ లెక్క కట్టొద్దు.

పిల్ల కట్లపాములకి పట్టీలు మెడదాకా ఉండొచ్చు, అందుకే ఈ గుర్తులు చదివి ఎవరూ చేత్తో పట్టుకోవద్దు. ఫొటో తీయాలంటే కనీసం ఆరడుగుల దూరం నుంచి జూమ్ చేసి తీయండి. తల, నడుము, తోక మూడూ పడాలి. ఒక్క తల ఫొటోతో నేనూ చెప్పలేను.

ఏఎన్ఎం అక్క | ఆదివారం ఉదయం 6:20

నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తాను. ఒక్క మాట పెద్దక్షరాలతో రాసినట్టు చదువుకోండి. కాటు పడ్డాక యాప్ తెరవొద్దు. పామును వెతకొద్దు, చంపి సంచిలో వేసుకుని రావద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా ఏది ముందు దొరికితే ఆ బండెక్కండి, కరిచిన చెయ్యో కాలో కదపకుండా ఉంచండి. కట్టు బిగించొద్దు, కొయ్యొద్దు.

ఎందుకంటే మన దగ్గర ఇచ్చే విరుగుడు మందు నాలుగు పాముల విషానికి కలిపి ఒకటే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. డాక్టరు పాము పేరు చూసి కాదు, మనిషిని చూసి వైద్యం చేస్తారు. రక్తం గాజుగొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డ కడుతోందా లేదా చూస్తారు, కనురెప్పలు వాలుతున్నాయా చూస్తారు. కట్లపాము కాటుకి నొప్పీ వాపూ పెద్దగా ఉండవు, కింద పడుకున్నవాళ్ళు అర్ధరాత్రి కడుపునొప్పని లేస్తారు, గ్యాసనుకుంటారు. అప్పుడు మీ యాప్ "విషం లేని పాము" అని చెప్పిందనుకోండి, ఇంట్లోనే ఉండిపోతారు. నా భయం దాని గురించే, చచ్చిపోయిన పాము గురించి కాదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది పోయారని అంచనా. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో మన తెలుగు నేలా ఉంది.

వేపచెట్టు కింద | ఆదివారం ఉదయం 9:48

అక్కా, మీరు చెప్పింది మా ఇంటి గ్రూపులో పెట్టేశాను. జెర్రిపోతు గారు, ఫొటో మళ్ళీ చూశాను, మెడ దగ్గర పట్టీ తెల్లగా కొట్టొచ్చినట్టుంది, తోక దగ్గర ఏమీ లేదు. అంటే చదువుకుని ఉంటే నాకూ తెలిసేది.

సరే, ఇంకో ప్రశ్న. మంచి యాప్ అంటూ ఒకటుందా, అన్నీ ఇంతేనా?

కంసాలిపిట్ట | ఆదివారం ఉదయం 11:30

ఆరేళ్ళుగా ఇదే నా పిచ్చి, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

రెండు రకాలున్నాయి. ఒకటి పేరు చెప్పి ఊరుకునేవి. మీరు వాడింది అదే. ఫొటో ఇస్తావు, పేరొస్తుంది, కథ అయిపోయింది. తప్పయితే తప్పని చెప్పేవాడుండడు. రెండోది, మీరు చూసినదాన్ని నమోదు చేసుకునేవి. ఇందులో ఐనాచురలిస్ట్ నాకు బాగా అలవాటు. 2008లో బర్క్‌లీలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది, ఇప్పుడు లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది. ఇది కూడా ఫొటో చూసి ఊహిస్తుంది, కానీ అది సలహా మాత్రమే. మీ ఫొటో, తేదీ, చోటు మూడూ కలిపి పైకి వెళ్తాయి, ఆ జీవాల గురించి తెలిసినవాళ్ళు ఎక్కడెక్కడినుంచో చూసి అవుననో కాదనో అంటారు. కనీసం ఇద్దరు చెప్పాలి, చెప్పినవాళ్ళలో మూడింట రెండు వంతులకి మించి ఒకే జాతి పేరు మీద కుదరాలి, అప్పుడు దానికి రీసెర్చ్ గ్రేడ్ వస్తుంది. అలాంటివే పరిశోధకుల దాకా పోతాయి. నేను పెట్టినవాటిలో మొదటి ఏడాది సగం తప్పులే. కేరళనుంచి ఒకాయన ఓపిగ్గా ఒక్కొక్కటీ దిద్దారు, ఆయన ముఖం ఇప్పటిదాకా చూడలేదు.

ఒక ఉదాహరణ చెప్తాను. జిల్లేడు చెట్టు చుట్టూ తిరిగే నారింజరంగు సీతాకోకచిలుక, ప్లెయిన్ టైగర్ అంటారు, అందరూ చూసే ఉంటారు. దాని ఒంట్లో చేదు విషం ఉంటుంది, పిట్టలు ముట్టవు. ఇంకో జాతి ఉంది, డేనాయిడ్ ఎగ్‌ఫ్లై. అందులో ఆడది అచ్చం దీని వేషమే వేసుకుని తిరుగుతుంది. దూరం నుంచి తీసిన ఫొటో చూసి ఎవరైనా ప్లెయిన్ టైగరే అంటారు, యాప్ అయినా మనిషైనా. వెనక రెక్కల మధ్యలో చూడాలి. అసలుదానికి మూడో నాలుగో నల్లచుక్కలుంటాయి, వేషగత్తెకి ఆ గుంపు ఉండదు. రెక్కలు మూసినప్పుడొకటి తెరిచినప్పుడొకటి ఫొటో తీస్తే తేలిపోతుంది. పిట్టని మోసం చెయ్యడానికి లక్షల ఏళ్ళు పట్టిన వేషం అది, ఫోన్‌ని మోసం చెయ్యడం దానికో లెక్కా.

ఇంకోటి, యాప్ జాతిదాకా చెప్పకుండా కుటుంబం దగ్గరే ఆగిపోతే తిట్టుకోకండి. తెలిసినంతవరకే చెప్పి ఆగినదాన్నే నేనెక్కువ నమ్ముతాను.

టీకొట్టు బాబాయ్ | ఆదివారం మధ్యాహ్నం 1:15

మా పెరట్లో తొండ ఫొటో ఒకసారి నెట్‌లో పెట్టి వెతికితే అమెరికా ఎడారి బల్లి అని వచ్చింది. మా ఇంటికి వీసా లేకుండా ఎలా వచ్చిందో మరి 😀

నా దగ్గర వాట్సాప్‌లో వచ్చిన మంచి మంచి జంతువుల ఫొటోలు ఓ రెండొందలున్నాయి. అవి ఎక్కించొచ్చా?

కంసాలిపిట్ట | ఆదివారం మధ్యాహ్నం 1:40

వద్దు బాబాయ్! మీ కళ్ళతో మీరు చూసిందే పెట్టాలి. ఎవరు తీశారో, ఎక్కడ తీశారో తెలియని ఫొటో ఎంత అందంగా ఉన్నా లెక్కకి పనికిరాదు. పైగా వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటోలో దాగుండే తేదీ, చోటు వివరాలు పోతాయి. మీ అబ్బాయి తీసిన ఫొటో మీరు ఎక్కించాలనుకుంటే డాక్యుమెంటుగా పంపించుకోండి, వివరాలు అలాగే ఉంటాయి. ఇంకా నయం, అతని పేరుమీద అతన్నే ఎక్కించమనండి. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్ చేసి ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి. నా మొదటి నెల ఫొటోలన్నీ చోటు లేకుండా గాల్లో ఉన్నాయి.

తొండ సంగతికొస్తే, చోటు తెలియకపోతే యాప్ ప్రపంచంలో ఎక్కడి బల్లినైనా చూపిస్తుంది. చోటు ఇస్తే ఆ చుట్టుపక్కల ఉండే అవకాశమున్నవాటిని ముందు చూపిస్తుంది.

పీచుచెట్టు | ఆదివారం రాత్రి 8:02

నేను అట్లాంటా నుంచి. పాముల గోల నాకు తెలియదు గానీ పిట్టల సంగతి ఒకటి చెప్పాలి. మా అమ్మ ఇక్కడికొచ్చిన మొదటి నెల బాగా బోరుకొట్టి రోజూ కిటికీ దగ్గర కూర్చునేది. ఇక్కడి కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళ మెర్లిన్ అనే యాప్ ఫోన్‌లో వేసిచ్చాను. బటన్ నొక్కితే చుట్టూ కూస్తున్న పిట్టల పేర్లు ఒక్కొక్కటే తెరమీద వెలుగుతాయి. రెండు వారాల్లో కార్డినల్, కెరొలైనా రెన్, మోకింగ్‌బర్డ్ అన్నీ నోటికొచ్చేశాయి. కార్డినల్‌కి ఆమె పెట్టిన పేరు ఎర్రపికిలి, తలమీద కుచ్చు చూసి.

అసలు తమాషా తెనాలి వెళ్ళాక. మన దేశపు పిట్టల ప్యాక్ దింపి పంపాను. ఒకసారి దింపితే నెట్ అక్కర్లేదు. తెల్లవారుజామున డాబా మీద ఫోన్ పట్టుకుని నిలబడుతుందట. మొన్న వీడియో కాల్‌లో "ఒరే, నలభై ఏళ్ళుగా పక్కింటి కంసాలి షాపులో సుత్తి దెబ్బలనుకున్నది పిట్టట రా" అంది. టుక్ టుక్ టుక్ అంటూ ఎండాకాలమంతా ఆగకుండా వినిపించేది నాకూ గుర్తే. నేనూ చిన్నప్పుడు అదే అనుకున్నాను.

కంసాలిపిట్ట | ఆదివారం రాత్రి 8:10

నన్నెవరో పిలిచినట్టున్నారు 😀 మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

గడ్డివాము | ఆదివారం రాత్రి 9:26

మెర్లిన్ నేనూ వాడతాను, బాగుంటుంది. కానీ అది చెప్పిన ప్రతి పేరూ ఈబర్డ్ (చూసిన పిట్టల్ని నమోదు చేసుకునే యాప్) జాబితాలో ఎక్కించేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. పసులపోలిగాడు ఉన్నాడు కదా, గేదెల మీద కూర్చునే నల్లపిట్ట, తోక చీలి ఉంటుంది. వాడు షిక్రా డేగ గొంతు అచ్చుగుద్దినట్టు తీస్తాడు. ఫోన్ "షిక్రా" అని వెలుగుతుంది, తలెత్తి చూస్తే కరెంటు తీగ మీద వీడు. గోరింకలూ తక్కువేం కావు. కాబట్టి యాప్ పేరు చెప్తే అది ఎటు చూడాలో చెప్పినట్టు, అంతే. కళ్ళతో చూసో, గొంతు స్వయంగా గుర్తుపట్టో రాయాలి.

ఇంకో సంగతి, యాప్‌లో పిట్టల కూతలు వినిపించే సదుపాయం ఉంది కదా అని అడవిలో స్పీకర్ పెట్టి పిట్టల్ని పిలవకండి. గూడు కట్టుకునే కాలంలో అది శత్రువొచ్చిందనుకుని గుడ్లు వదిలేసి మీ ఫోన్‌తో కొట్లాటకొస్తుంది.

సింగరేణి చిన్నోడు | సోమవారం ఉదయం 7:44

ఈబర్డ్ మాటొచ్చింది కాబట్టి చెప్తున్న. చాలామందికి తెల్వని సంగతి ఏందంటే, అందులో ఒక్క పిట్ట ఫొటో పెట్టుడు ముఖ్యం కాదు. పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి, కనబడ్డవన్నీ, వినబడ్డవన్నీ రాయాలి, కాకిని కూడా. "చూసినవన్నీ రాశాను" అని టిక్ పెట్టాలి. అప్పుడు రాయని పిట్ట అక్కడ దొరకలేదని కూడా లెక్కకొస్తుంది. అసలు విలువ దానిదే. వేలమంది అట్ల రాస్తే ఏ పిట్ట ఎన్ని జాబితాల్లో కనబడుతోంది, ఏటేటా పెరుగుతోందా తగ్గుతోందా తెలుస్తుంది.

2023లో వచ్చిన దేశపు పక్షుల నివేదిక ఇట్లనే తయారైంది. 30 వేల మంది రాసిన 3 కోట్ల నమోదుల మీద ఆధారపడి 942 జాతుల్ని చూసిన్రు. నెమలి పెరిగింది. మన పాలపిట్ట తగ్గింది. తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరా రోజు చూస్తే పుణ్యమని ఎగబడి చూసే పిట్ట. దాని స్థితిని అంతర్జాతీయంగా మళ్ళీ పరిశీలించాలని ఆ నివేదికలోనే రాసిన్రు. దసరాకి పంజరంలో పెట్టుకొచ్చి చూపించి పైసలు తీసుకునేవాళ్ళని నేను చిన్నప్పుడు చూసిన, రెక్కలు కట్టేసి ఉండేవి. అది నేరం. ఇప్పుడు దసరా పొద్దున మా దోస్తులం నలుగురం పొలాల వెంబడి పోయి కరెంటు తీగల మీద వెతుకుతం, దొరికితే జాబితాలో రాస్తం. పోయినేడు మూడు గంటలు తిరిగితే రెండు కనబడ్డయి.

పెంకుటిల్లు | సోమవారం ఉదయం 10:20

అడిగానని ఏమీ అనుకోకండి. మీరు లెక్కలు రాసినంత మాత్రాన పిట్టలు పెరుగుతాయా?

సింగరేణి చిన్నోడు | సోమవారం ఉదయం 10:35

పెరగవు అన్నా. కానీ తగ్గినయని నేనంటే "నీకేం తెలుసు, మొన్ననే నేను చూసిన" అంటరు. లెక్క చూపెడితే అట్ల అననీకి రాదు.

గడ్డివాము | సోమవారం మధ్యాహ్నం 12:11

లెక్క వల్ల అపోహలు పోవడం కూడా ఉంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి ఏటా పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు వస్తాయి, గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుకుని పోతాయి. పేపర్లు "సైబీరియా అతిథులు" అని రాస్తుంటాయి, ఊళ్ళోవాళ్ళూ పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. కానీ ఈ రెండు జాతుల పటం ఈబర్డ్‌లో తెరిచి చూడండి, చుక్కలన్నీ మన ఉపఖండంలోనూ దాని తూర్పునా ఉంటాయి, సైబీరియాలో ఒక్కటీ ఉండదు. అవి మన పిట్టలే. నిజంగా హిమాలయాలు దాటొచ్చేవి చారల తల బాతుల్లాంటివి. ఈ మాట ఆ ఊళ్ళో ఒక పెద్దాయనతో అంటే, "ఎక్కడినుంచొస్తే ఏంటి బాబూ, మా చింతచెట్టుకొచ్చినాయి" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు.

చిన్నికృష్ణ_99 | సోమవారం సాయంత్రం 5:58

హాయ్ ఫ్రెండ్స్, గ్రూపుకి కొత్త. నేనూ మా ఊళ్ళో పెద్ద గుడ్లగూబ గూడు కనిపెట్టాను, మూడు పిల్లలున్నాయి, సూపర్ ఉన్నాయి. ఫొటోలు పెడుతున్నా, ఇష్టమున్నవాళ్ళు వెళ్ళి చూడొచ్చు. మ్యాప్ లింకు: [లింకు తొలగించబడింది. నిర్వాహకులు]

నిర్వాహకులు | సోమవారం సాయంత్రం 6:07

తమ్ముడూ, నిన్ను తప్పుపట్టడం కాదు, ఫొటోలు చాలా బాగున్నాయి. కానీ గుడ్లగూబ గూడు చోటు ఎక్కడా బయటపెట్టొద్దు. క్షుద్రపూజల కోసం వీటిని పట్టి అమ్మేవాళ్ళున్నారు, దీపావళి ముందైతే మరీ. ఫొటోలో వెనకాల గుడి గోపురం కనబడుతోంది, అది కూడా కత్తిరించి మళ్ళీ పెట్టు. ఇన్‌స్టాలో పెట్టి ఉంటే అక్కడా తీసెయ్.

చిన్నికృష్ణ_99 | సోమవారం సాయంత్రం 6:30

అయ్యో తెలియదండి. తీసేశాను. ఇన్‌స్టాలోనూ తీసేశా. అప్పటికే ఇద్దరు లొకేషన్ అడిగారు, ఎవరో తెలియదు. చెప్పలేదు.

నల్లమల దారి | సోమవారం రాత్రి 9:50

ఈ చోటు సంగతి నా గుండెకి దగ్గరిది, అందుకే రాస్తున్నా. మాది గిద్దలూరు వైపు. మెరిసే నీలం రంగు సాలీడు ఒకటుంది, గుత్తి పేరుతో ప్రపంచమంతా తెలుసు. 1899లో గుత్తి రైల్వే యార్డులో కట్టెల దగ్గర దొరికినదాన్ని చూసి ఒక బ్రిటిష్ శాస్త్రవేత్త రాశాడు. తర్వాత నూరేళ్ళు ఎవరికీ కనబడలేదు. తీరా 2001లో చూస్తే అది ఉండేది గుత్తిలో కాదు, నంద్యాలకీ గిద్దలూరుకీ మధ్య అడవిలో, పాత చెట్ల తొర్రల్లో. యార్డుకి కట్టెలతో పాటు వెళ్ళుంటుందని అనుకుంటారు. ఈ భూమ్మీద తూర్పు కనుమల్లోని ఇలాంటి కాస్త అడవే దాని ఇల్లు. కానీ విదేశాల్లో సాలీళ్ళు పెంచుకునేవాళ్ళ గాజుపెట్టెల్లో మాత్రం కావలసినన్ని. అలాంటిదాని ఫొటో చెట్టుతో సహా, చోటుతో సహా ఎవడైనా పెడితే, ఆ చెట్టుని కొట్టి చూపించినట్టే.

ఐనాచురలిస్ట్‌లో ఇలాంటి ప్రమాదంలో ఉన్న జాతులకి చోటు దానంతటదే మసకబారుతుంది. ఇరవై కిలోమీటర్ల పైచిలుకు పెట్టెలో ఎక్కడో ఒక చుక్క చూపిస్తుంది, అసలు చోటు బయటికి కనబడదు. మామూలు జాతికి కూడా మనమే అలా పెట్టుకోవచ్చు. అలుగు (పాంగోలిన్), నక్షత్ర తాబేలు, దేవాంగపిల్లి లాంటివి చూస్తే నేనైతే ఆ రోజు అసలు ఎక్కించను, నెలా రెండు నెలలు ఆగుతాను.

మా పెదమామ చెంచు. టైగర్ రిజర్వులో బేస్ క్యాంపులో కాపలా పని. వాళ్ళకిప్పుడు ఎం-స్ట్రైప్స్ అని సర్కారు యాప్ ఉంది. నడిచిన దారంతా గీతలాగా అందులో పడుతుంది, పులి అడుగు, పెంట, చెట్టు మీద గీరిన గుర్తు ఎక్కడ కనబడ్డా ఫొటో తీసి పెట్టాలి. అడవిలో సిగ్నల్ ఉండదు, ఆఫీసుకొచ్చాక ఎక్కుతుంది. పూర్వం అడుగుజాడల మీద గాజుపలక పెట్టి గీసి పులుల్ని లెక్కపెట్టేవారు. 2018 లెక్కకి దేశమంతా 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు, దాదాపు మూడున్నర కోట్ల ఫొటోలొచ్చాయి, చారల్ని బట్టి ఒక్కో పులినీ కంప్యూటర్ విడదీసింది. మామ ఆ మాట విని నవ్వాడు. "మాకు అడుగు చూస్తే ఆడదో మగదో, ఎప్పుడు పోయిందో తెలుస్తది, నీ ఫోనుకి అడుగుంటేనే తెలుస్తది, లేకపోతే ఎందుకు లేదో తెలవదు" అన్నాడు. ఫోన్ ఆయన మెడలో ఉంటుంది. ముందు నడిచేది మాత్రం ఆయన కళ్ళే.

కలివికోడి సంగతీ అంతే కదా. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిందన్నారు. 1986లో కడప లంకమల దగ్గర రాత్రిపూట టార్చిలైటుతో పట్టుకుని చూపించింది పిట్టలు పట్టే ఊరి మనిషే. దానికి అక్కడివాళ్ళ నోట్లో పేరు అప్పటికే ఉంది.

సుద్దముక్క | మంగళవారం ఉదయం 8:15

జిల్లా పరిషత్ హైస్కూల్లో పాఠాలు చెప్తాను. పై పోస్టు చదివాక నా అనుభవం రాయాలనిపించింది. పోయిన ఫిబ్రవరిలో నాలుగు రోజుల పిట్టల లెక్కకి పిల్లల్ని చెరువు గట్టుకి తీసుకెళ్ళాను. ఇరవై ఆరుగురికి ఉన్నది నా ఫోన్ ఒక్కటే. కాబట్టి పిల్లలు చూసి అరవడం, ఒకడు కాగితం మీద గీతలు పెట్టడం, సాయంత్రం నేను ఎక్కించడం. ఫోన్ ఒకటే కావడం మంచిదయింది, లేకపోతే అందరూ తెరల్లోకి చూసేవాళ్ళు.

యాప్ ఇంగ్లీషు పేరు చెప్పగానే పిల్లలు మీ ఇంట్లో ఏమంటారో చెప్పండంటే ఒక్కో పిట్టకి మూడు పేర్లొచ్చాయి. ఉప్పుపిట్ట అని ఒక పాప ఏదో పిట్టని చూపించింది, నేనెప్పుడూ వినలేదు. వాళ్ళ నాయనమ్మ అంటుందట. ఆ పేర్లన్నీ నమోదు కింద నోట్సులో రాస్తున్నాను. ఒక జాగ్రత్త, పిల్లలు ఉత్సాహంతో కోళ్ళనీ కుండీల్లో మందారాలనీ ఫొటోలు తీస్తారు. పెంచినవి, నాటినవి అయితే ఐనాచురలిస్ట్‌లో ఆ గుర్తు పెట్టాలి, లేకపోతే లెక్క చెడుతుంది.

టీకొట్టు బాబాయ్ | మంగళవారం ఉదయం 9:00

నా ఫోన్ అయిదేళ్ళది, కెమెరా మసక. పనికొస్తుందా?

కంసాలిపిట్ట | మంగళవారం ఉదయం 9:12

బ్రహ్మాండంగా. మసక ఫొటోలో కూడా పిట్ట ఆకారం, ముక్కు, తోక తెలిస్తే చాలు. బైనాక్యులర్ గాజుకి ఫోన్ ఆనించి తీస్తే ఇంకా నయం. అదీ లేకపోతే కూత రికార్డు చేయండి.

వేపచెట్టు కింద | మూడు వారాల తర్వాత, శుక్రవారం రాత్రి 11:20

అర్జెంటు. జెర్రిపోతు గారు ఉన్నారా? ఊళ్ళో మా బాత్రూంలో పాము. నేను హైదరాబాద్‌లో ఉన్నాను. ఈసారి నాన్న కొట్టలేదు. తలుపు మూసి కింద సందులో గోనెసంచి కుక్కి, వెంటిలేటర్లోంచి ఫొటో తీసి పంపారు. పెడుతున్నాను. నాన్నేమో "మొన్నటిలాంటిదే కదరా, తీసి బయట వదిలెయ్యనా" అంటున్నారు.

జెర్రిపోతు | శుక్రవారం రాత్రి 11:24

వద్దు!! తలుపు తీయొద్దని వెంటనే ఫోన్ చేయండి. ఇది కట్లపామే. మెడ దగ్గర ఏమీ లేదు చూడండి, నడుము దాటాక పట్టీలు జంటలుగా తోకదాకా ఉన్నాయి, ఒళ్ళు నల్లగా మెరుస్తోంది. సంచి కదపొద్దు, ఎవరూ కింద పడుకోవద్దు, మంచాలెక్కమనండి. బాపట్లలో పాములు పట్టేవాళ్ళ నంబరు మీకు విడిగా పంపాను.

వేపచెట్టు కింద | శనివారం తెల్లవారుజాము 1:05

వచ్చి పట్టుకెళ్ళారు. రెండు నిమిషాల పని, పొడవాటి కొక్కెంతో డబ్బాలోకి. అమ్మ ఇంకా మంచం దిగలేదట.

ఏఎన్ఎం అక్క | శనివారం ఉదయం 6:02

ఇప్పుడే చూశాను. అందరూ క్షేమమే కదా. దోమతెర కట్టి, అంచులు పరుపు కిందికి దోపుకుని పడుకోమనండి, కట్లపాముకి అదే మంచి అడ్డు.

పెంకుటిల్లు | శనివారం ఉదయం 8:30

మీ నాన్నగారికి నా తరఫున దండం పెట్టండి. నేనైతే ఆగేవాణ్ణి కాదు. ఇంతకీ ఆ పాత యాప్ ఇంకా ఉందా మీ ఫోన్‌లో? దీన్ని ఏమందో చూశారా?

వేపచెట్టు కింద | శనివారం ఉదయం 8:41

చూశాను. "వుల్ఫ్ స్నేక్, 91 శాతం, హాని లేదు."